ఇంటి కుందేటికి క్షేమమైన దొడ్డి

ఆరుబయట కుందేళ్లను పెంచు రైతులు గమనింపవలసిన విషయములు

పశువులు, మేకలు, కోళ్లు గల లోగిళ్లలో పిల్లల ముచ్చట కొఱకు ఒకటి రెండు తెల్ల కుందేళ్లను సైతము పెంచుట పల్లెలందు కానవచ్చుచున్నది. సంతలో గాని పట్టణమున గాని కొని తెచ్చిన ఈ చిన్న జంతువు ఎవరికిని హాని చేయదు, అఱవదు, దానికి కావలసిన మేత కొంచెము. ఈ కారణముచేతనే దాని వసతిని గూర్చి పెంచువారు విశేషముగా ఆలోచింపరు. కోళ్లగంప క్రింద మూసియో, పాత చెక్కపెట్టెలో నుంచియో, పెరటిలో విడిచియో కాలము గడుపుదురు. ఒకనాటి ఉదయమున పిల్లలు ఆకు పట్టుకొని పోయి చూడగా గంప బోర్లపడి యుండును; లేక పెట్టెలో జంతువు కదలక పడియుండును. శ్రద్ధగా పెంచిన కుందేలు 8 మొదలు 12 సంవత్సరముల వఱకు జీవింపగలదు. అట్టి జంతువు ఒక్క వేసవినైనను దాటకపోయినచో, అది దాని వ్రాత యని ఊరకుండరాదు. పెక్కు సందర్భములందు అది వసతిలోని లోపమే.

ఈ నష్టములు సాధారణముగా రెండు విధములుగా కలుగుచుండును. లోపలి కుందేలు బయటికి పోకుండ కట్టిన కంచె బయటి శత్రువును లోనికి రాకుండ ఆపజాలకపోవుట మొదటిది. శత్రువు రాకుండ నలుదిక్కుల మూసిన పెట్టె వేసవిలో పొయ్యివలె కాగి లోపలి ప్రాణిని చంపుట రెండవది. ఒక అపాయమునకు చేసిన కట్టుదిట్టము వేఱొక అపాయమునకు కారణము కాకుండ చూచుటయే కుందేటి దొడ్డి కట్టుటలోని ముఖ్యాంశము. గాలి ధారాళముగా ఆడవలెను, శత్రువు దూఱరాదు. ఈ రెండును ఒక్కచోట సాధించు విధము ఈ క్రింద వివరింపబడినది.

1. కుందేటి స్వభావము

ఇంట పెంచు కుందేలును, చేలలో కనబడు అడవి కుందేలును ఒకటి కావు. కొన్ని ప్రాంతములందు చెవులపిల్లి యని పిలువబడు అడవి కుందేలు ఈ దేశపు జంతువు. అది బొరియ త్రవ్వదు. గడ్డి నడుమను, పొదల చాటునను పడుకొనును. దాని పిల్లలు ఒంటినిండ బొచ్చుతోను, తెఱచిన కన్నులతోను పుట్టును. ఇంటి కుందేటి పూర్వులు స్పెయిను, పోర్చుగలు దేశములందు నేలలో బొరియలు త్రవ్వుకొని గుంపులుగా బ్రతికిన జాతి. దాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు మూసికొని పుట్టును. ఈ రెండు జాతులకు కలయికవలన సంతానము కలుగదు. అడవి కుందేటిని పట్టి బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. కావున చేను కోయునపుడు దొరకిన పిల్లలను ఇంటికి తేక, దొరకిన చోటనే పొద చాటున విడువవలెను. ఇందు చెప్పబడు విషయములు ఇంటి కుందేటికి మాత్రమే సంబంధించినవి.

బొరియలో బ్రతికిన జాతి యగుటచే ఇంటి కుందేటికి కొన్ని గుణములు సహజముగా నున్నవి. అది నేలను త్రవ్వును. ఎల్లప్పుడును చల్లగా నుండు చోటును కోరును. భయము కలిగినప్పుడు ఎదిరింపదు. పరుగెత్తి దాగుకొనుటకు కన్నము వెదకును. సూర్యోదయ సమయమునను, సంధ్యవేళను చురుకుగా తిరుగును. కుక్క, పిల్లి, నక్క మొదలగునవి వేటకు వచ్చునదియు ఆ వేళలందే. దాని ఎముకలు మిక్కిలి తేలికయైనవి. శరీర భారములో నూటికి 8 పాళ్లకు మించవు. వెనుక కాళ్ల కండలు మాత్రము బలమైనవి. బెదరిన కుందేలు ఆ కాళ్లతో గట్టిగా తన్నుకొన్నచో దాని వెన్నెముక తానే విఱుగును. శత్రువు దానిని ముట్టకున్నను, జాలీ చుట్టు తిరిగి బెదరించుటచేతనే ప్రాణహాని కలుగుట ఇందువలననే. కావున శత్రువును లోనికి రానీయకుండుటయే గాక, కుందేటికి దాగుకొను చోటును ఏర్పఱచుట అవశ్యకము.

2. స్థలమును ఎన్నుకొనుట

దొడ్డి ఇంటికి దగ్గఱగా, రాత్రి అలికిడి యైనచో వినబడు చోట నుండవలెను. పేడకుప్పకు, మురుగుకాలువకు దూరముగా నుండవలెను. అచ్చట ఈగలును, దోమలును హెచ్చు. వేప, కానుగ వంటి దట్టమైన చెట్టు నీడ మిక్కిలి శ్రేష్ఠము. చెట్టు దొడ్డికి పడమటి వైపున నున్నచో మధ్యాహ్నము తరువాతి తీవ్రమైన ఎండను ఆపును. గన్నేరు, జిల్లేడు మొదలగు విషపు చెట్ల ఆకులు రాలు చోటు పనికిరాదు.

నేల స్వభావమును గూడ చూడవలెను. చల్కా నేలలో నీరు త్వరగా ఇంకును గాని, త్రవ్వుట సులభమగుటచే కుందేలు లోపలినుండియు, కుక్క, పందికొక్కు బయటినుండియు కన్నము చేయును. రేగడి నేల వానకాలమున బురదయగును. వేసవిలో నెఱియలు విచ్చును. ఆ నెఱియలే ఎలుకలకును, పాములకును దారులు. రేగడి నేల గల వారు ఒక అడుగు ఎత్తున మొరము పోసి, దిమ్మిస కొట్టి, ఆ అరుగుపై దొడ్డి కట్టుకొనుట మంచిది.

3. దొడ్డి కొలతలు, కట్టడము

మధ్యరకపు కుందేళ్లు రెండింటికి 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల దొడ్డి కావలెను. కుందేలు వరుసగా మూడు గంతులు వేయుటకును, వెనుక కాళ్లపై నిటారుగా నిలుచుటకును తగిన చోటుండవలెను. దీనికి ఎత్తు 3 అడుగులు చాలును గాని, మనిషి లోనికి పోయి శుభ్రము చేయుటకు వీలుగా 6 అడుగుల ఎత్తున కట్టుట మేలు. జంతువు కదలుటకు చాలని ఇఱుకు పంజరమున బంధించుట 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ప్రకారము శిక్షార్హము.

దొడ్డి పొడవు తూర్పు పడమరలుగా నుండవలెను. పడమటి వైపున వడగాలియు, సాయంకాలపు ఎండయు కొట్టును; నైరుతి నుండి వానజల్లు వచ్చును. కావున పడమటి వైపు పూర్తిగాను, దక్షిణపు వైపు క్రింది సగమును గోడచే గాని, తడికెచే గాని మూయవలెను. ఉత్తరము, తూర్పు జాలీతో తెఱపిగా విడువవలెను. మూసిన భాగములకు కూడ లోపలివైపున జాలీ ఉండవలెను. తడికెను కుక్క చీల్చును, కుందేలు కొఱుకును.

జాలీ విషయమున పొదుపు చూపరాదు. ఆరు మూలల కన్నులు గల పలుచని కోళ్లవల కోళ్లను లోపల నుంచుటకు మాత్రమే తగినది. కుక్క దానిని పండ్లతో చింపును, ఆ కన్నులగుండ ముంగిస పంజా చాపును, పాము దూఱును. తుత్తునాగపు పూత గలిగి, తీగల కూడళ్లు అతుకబడిన 16 నంబరు తీగ జాలీని వాడవలెను. దాని కన్ను అర అంగుళమునకు మించరాదు. గుంజలకు మేకులు వంచి కొట్టిన జాలీ ఊడిపోవును. జాలీ అంచుపై చెక్కపట్టెను పెట్టి, మరలతో బిగింపవలెను. జాలీని గుంజలకు బయటివైపున కొట్టినచో కుక్క తోసినకొలది అది గుంజలకే ఆనును. లోపల కొట్టినచో తోసినకొలది ఊడును.

నేలవైపు రక్షణ రెండు విధములుగా చేయవచ్చును. మొదటి పద్ధతి: గోడల వెంబడి ఒకటిన్నర అడుగు లోతు కాలువ త్రవ్వి, జాలీని అందు దింపి, అడుగున దాని అంచును బయటివైపునకు ఒక అడుగు వంచి, రాళ్లతోను మట్టితోను పూడ్చవలెను. కుక్క ఎప్పుడును కంచె మొదటనే త్రవ్వును. గోళ్లకు తీగ తగిలినంతనే మానుకొనును. రెండవ పద్ధతి: దొడ్డి అడుగంతయు షాబాదు బండలు గాని, తాండూరు బండలు గాని పఱచి సందులను సున్నముతో గాని సిమెంటుతో గాని పూడ్చుట. బండ నీడలో చల్లగా నుండును, కడుగుట సులభము. బండలపై మూడు నాలుగు అంగుళముల మందమున ఎండుగడ్డి పఱవవలెను; లేనిచో కుందేటి అరికాళ్లు పుండ్లు పడును. త్రవ్వు అలవాటు తీర్చుకొనుటకు ఒక మూల మట్టి నింపిన తొట్టి నుంచినచో జంతువు ఉత్సాహముగా నుండును.

పైకప్పు లేని దొడ్డి దొడ్డియే కాదు. పిల్లి గోడనెక్కి దూకును. గద్ద పైనుండి వ్రాలును. నీడ కొఱకు తాటాకు గాని రెల్లుగడ్డి గాని కప్పు వేసినను, దాని క్రింద జాలీ తప్పక యుండవలెను.

తలుపు లోపలివైపునకు తెఱచుకొనునట్లు బిగింపవలెను. తలుపుకు పైన ఒకటి, క్రింద ఒకటి రెండు గడియలు కావలెను. త్రాటి ముడిని, చెక్క గొళ్లెమును నమ్మరాదు. త్రాటిని కుందేలు కొఱుకును, గొళ్లెమును కోతి తీయును. కోతుల బాధ గల గ్రామములందు చిన్న తాళము వేయవలెను.

4. రాత్రి గూడు

దొడ్డి పగటి విహారమునకు. రాత్రి వసతికి దాని లోపలనే వేఱు గూడు కావలెను. శత్రువు ఒకవేళ దొడ్డిలోనికి వచ్చినను గూటిని ఛేదింపజాలకుండుటయే దీని ఉద్దేశము. గూడు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున నుండి, నేలకు రెండడుగుల పైని నాలుగు కాళ్లపై నిలువవలెను. దానికి ఎక్కి దిగుటకు వాలుపలక నమర్పవలెను. గూటిలో మూడవ వంతు చెక్కతో మూసి చీకటి గది చేయవలెను. మిగిలిన భాగమునకు ముందును, వెనుకను జాలీ యుండవలెను. ఈ యేర్పాటువలన గాలి గూటి గుండ పాఱును. కుందేటికి దాగుకొను చోటును ఉండును. నాలుగు వైపుల చెక్క కొట్టి, పైన రెండు రంధ్రములు పెట్టిన పెట్టె గూడు కాజాలదు.

గూటి కాళ్ల క్రింద నీటి గిన్నెలు పెట్టవలెను. గండుచీమలు, ఎఱ్ఱచీమలు నిద్రించు కుందేటిని, విశేషముగా దాని పిల్లలను కుట్టి చంపును. వంటయింటి అలమారకు చేయు ఉపాయమే ఇచ్చటను పనికివచ్చును. దోమలు పుట్టకుండుటకు ఆ నీటిని రెండు దినములకొకసారి మార్చవలెను. వాలుపలకను రాత్రి తీసివేయవలెను. లేనిచో చీమలు దానిపై నెక్కును.

గూటి అడుగు తీగ జాలీతో చేసినచో సగమైనను చెక్కపలక పఱవవలెను. సదా తీగపై నిలిచిన కుందేటి అరికాళ్ల బొచ్చు ఊడి పుండగును. పుండుపై ఈగ వ్రాలును.

5. శత్రువులు

వీథికుక్క అన్నింటిలో ప్రబలమైనది. అది ఒంటరిగా వచ్చినపుడు వాసన చూచి పోవచ్చును. మూడు నాలుగు కలిసినపుడు కంచెను తోయును, త్రవ్వును. ఇంటి కుక్కను సైతము కుందేటితో ఒంటరిగా విడువరాదు. కుక్క కఱచిన కుందేటిని వెంటనే పశువైద్యునికి చూపవలెను; దానిని పట్టుకొన్నవారు చేతులను సబ్బుతో చక్కగా కడుగుకొనవలెను. పిచ్చికుక్క కాటువలని వ్యాధి మనుష్యులకును ప్రాణాంతకము గదా.

పిల్లి, అడవిపిల్లి, ముంగిస, పునుగుపిల్లి, నక్క రాత్రి వేళను, సంధ్యలందును వచ్చును. గద్ద, కాకి పగలు పిల్లలనెత్తుకొని పోవును. ఉడుము, పందికొక్కు పిల్లల గూటిని వెదకును. వీటికన్నిటికి పైని చెప్పిన జాలీ, పైకప్పు, గడియలే సమాధానము.

పాముల విషయమున ఒక సంగతి గుర్తింపవలెను. జెఱ్ఱిపోతు, నాగుపాము దొడ్డికి తఱచుగా ఎలుకల వాసనచే వచ్చును. ఎలుకలు గింజల కొఱకు వచ్చును. గింజలు రాత్రి మిగిల్చిన దాణానుండి రాలును. కావున సంధ్యవేళ దాణా పాత్రను తీసివేసి, రాలిన దానిని ఊడ్చినచో ఎలుకయు రాదు, పామును రాదు. దాణా బస్తాను దొడ్డిలో నిలువ చేయరాదు. ఎలుకలకు విషపు బిళ్లలు పెట్టుట అంతకంటెను అపాయకరము. కుందేలు వాటిని తినవచ్చును. పాము కనబడినచో దానిని చంపబూనక పాములు పట్టు నేర్పరులకు గాని అటవీశాఖకు గాని తెలుపవలెను.

శబ్దము కూడ శత్రువే. దీపావళి దినములందు టపాకాయల ధ్వనికి బెదరి కుందేళ్లు జాలీకి కొట్టుకొని గాయపడును. ఆ రెండు మూడు రాత్రులు వాటిని ఇంటిలోని చీకటి గదిలో, గడ్డి పఱచిన పెట్టెలో నుంచవలెను.

6. ఎండ

దక్కను పీఠభూమిపై పెంచువారికి కుక్కను మించిన శత్రువు ఎండయే. కుక్కను కంచె ఆపును. ఎండను కంచె ఆపదు. కుందేటికి 15 మొదలు 25 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు గల వాతావరణము అనుకూలము. 30 డిగ్రీలు దాటినచో బాధ మొదలగును. 35 డిగ్రీలు దాటినచో ప్రాణాపాయము. రామగుండము, ఖమ్మము ప్రాంతములందు మే మాసమున 44 డిగ్రీల ఎండ అరుదు కాదు. రాజస్థానములోని అవికానగరమున గల కేంద్ర గొఱ్ఱెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి దక్షిణ ప్రాంతపు కేంద్రము కొడైకెనాలు కొండలలోని మన్నవనూరున నున్నది. కుందేళ్ల పెంపకముపై అచ్చట పరిశోధన జరుగుచున్నది. అట్టి కొండల చల్లదనము మైదానపు రైతునకు లేదు. దానిని తానే కల్పించుకొనవలెను.

కుందేటికి చెమట పట్టదు. శరీరపు వేడిని అది ముఖ్యముగా చెవుల ద్వారమున బయటికి పంపును. చుట్టునున్న గాలియే వేడియైనపుడు ఈ ఉపాయము పనిచేయదు. కావున మార్చి నెలాఖరు మొదలు తొలకరి వఱకు ఈ క్రింది జాగ్రత్తలు అవశ్యము తీసికొనవలెను.

ఇనుపరేకు కప్పు ఉన్నచో దానిపై సున్నము పూసి, అర అడుగు మందమున తాటాకు గాని వరిగడ్డి గాని కప్పవలెను. పడమటి వైపున వట్టివేరు తడికెను గాని గోనెపట్టాను గాని వ్రేలాడగట్టి, ఉదయము 10 గంటలు మొదలు సాయంకాలము 5 గంటల వఱకు తడుపుచుండవలెను. తెలంగాణపు పొడిగాలిలో ఈ తడి త్వరగా ఆరి లోపల చల్లదనము నిచ్చును. కృష్ణా, గోదావరి డెల్టాలందు గాలిలో తేమ హెచ్చగుటచే తడిపట్టా అంతగా పనిచేయదు. అచ్చట గాలి ధారాళముగా పాఱుటయు, అవసరమైనచో విద్యుత్ పంకాయు ముఖ్యము.

పెద్ద మట్టికుండను అడ్డముగా పడవేసి, సగము వఱకు మట్టిలో పూడ్చి, చుట్టునున్న మట్టిని తడుపుచుండినచో అది కుందేటికి పూర్వపు బొరియవలె ఉపయోగపడును. కుండ మూతి జంతువు తిరిగి బయటికి వచ్చునంత వెడల్పుగా నుండవలెను. ఇది నీడలోనే ఉండవలెను. ఎండలో పెట్టిన కుండ చల్లబడదు.

నీరు కిలో బరువునకు దినమునకు 50 మొదలు 150 మిల్లీలీటర్లు కావలెను. వేసవిలో ఇంకను హెచ్చు. బరువైన రాతి తొట్టిలో నీరు పోసినచో తలక్రిందులు కాదు. తొట్టి నీడలో నుండవలెను. వేసవిలో దినమునకు మూడుమార్లు మార్చవలెను. రెండు తొట్లు పెట్టుట మేలు. ఒకటి ఒలికినను రెండవది మిగులును. 40 డిగ్రీలు దాటు దినములందు మధ్యాహ్నపు వేళ కుందేటిని ఇంటిలోని మట్టి మిద్దె క్రింద గాని, బండలు పఱచిన వసారాలో గాని ఉంచుటయే ఉత్తమము.

వడదెబ్బ తగిలిన కుందేలు నోరు తెఱచి ఎగరోజును, చెవులు ఎఱ్ఱబడి కాగును, మూతివద్ద తడియగును, కాళ్లు చాపి పడియుండును. అట్టిదానిని వెంటనే నీడకు చేర్చి, చెవులను చల్లని నీటితో తడిపిన గుడ్డతో తుడువవలెను. నీళ్లలో ముంచరాదు, మంచునీరు పోయరాదు, ఆ దెబ్బకే గుండె ఆగవచ్చును. నోటిలో బలవంతముగా నీరు పోయరాదు. ముందు పెట్టి త్రాగనీయవలెను. కొంచెము తేరుకొన్నను పశువైద్యునికి చూపవలెను.

7. వానకాలము

వానకాలమున తడి నేలయే రోగములకు మూలము. తడిసిన పరుపుగడ్డిపై నుండు చిన్న కుందేళ్లకు కాక్సిడియా అను సూక్ష్మజీవులవలన విరేచనములు పట్టి చనిపోవును. గాలి ఆడని తడిగూటిలో మూత్రపు ఘాటు హెచ్చి, ముక్కు కారుటయు, తుమ్ములును కలుగును. కావున దొడ్డి చుట్టు చిన్న కాలువ తీసి నీరు పోవునట్లు చేయవలెను. తడిసిన గడ్డిని ఏ పూటకాపూట తీసి పొడిగడ్డి వేయవలెను. జల్లు కొట్టు వైపున గోనెపట్టాను దింపవలెను గాని, నాలుగు వైపుల మూయరాదు. పొడిగా నున్నంతవఱకు మన ప్రాంతపు చలి కుందేటికి బాధ కలిగింపదు. గూటిలో గడ్డి హెచ్చుగా వేసిన చాలును.

8. మేతయు, విషపు మొక్కలును

కుందేటి పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. నార గల మేతను నమలుటచే అవి అరుగును. కడుపును సరిగా కదలును. కావున మేతలో అధికభాగము ఎండిన పచ్చిక యుండవలెను. గరిక, గినీగడ్డి, వేరుసెనగ తీగ, అవిసె ఆకు, మల్బరి ఆకు పనికివచ్చును. వరిగడ్డి పరుపునకే గాని మేతగా చాలదు. అన్నము, రొట్టె, బెల్లము, తీపి పదార్థములు పెట్టరాదు. క్రొత్త మేతను వారము దినములలో కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. కుప్పలో ఉడికిన పచ్చిమేత కడుపుబ్బరము కలిగించును.

లేత జొన్న విషము పశువులకు చేయు కీడును ఎఱుగని రైతు లేడు. పూతకు రాని జొన్నయు, నీరు చాలక గిడసబారిన జొన్నయు కుందేటికి గూడ ప్రాణాంతకమే. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదము, వయ్యారిభామ మొక్కలను దొడ్డి దాపున ఉండనీయరాదు. పురుగుమందు చల్లిన చేనినుండి గడ్డిగాని ఆకుగాని కోసి వేయరాదు. పక్క చేనిలో మందు చల్లు దినమున గాలి వాలును గమనించి జంతువును లోనికి తీసికొనవలెను. కోళ్ల దాణాను కుందేటికి పెట్టరాదు. అందు కలుపు కొన్ని మందులు దానికి విషము. కోళ్లను, కుందేళ్లను ఒకే దొడ్డిలో నుంచకుండుట ఈ కారణముచే గూడ మంచిది.

9. జతయు, సంతానమును

కుందేలు ఒంటరిగా నుండుటకు ఇష్టపడదు. రెండింటిని కలిపి పెంచుట మేలు. అయితే ఎదిగిన రెండు పోతులు ఒకచోట నున్నచో తీవ్రముగా పోరాడును. పోతును, పెంటిని కలిపి యుంచినచో సంతానము త్వరగా హెచ్చును. పెంటి నాలుగైదు నెలలకే ఎదకు వచ్చును, 31 దినములకు ఈనును, ఈనిన దినముననే మరల చూలు కట్టగలదు. చోటు చాలని దొడ్డిలో ఇవి హెచ్చినచో రోగములును, పోరాటములును హెచ్చును. పశువైద్యునిచే పోతునకు విత్తులు తీయించుట దీనికి తగిన ఉపాయము. ఆ పిమ్మట ఒక మాసము పైగా దానిని పెంటికి దూరముగా నుంచవలెను.

10. నిత్య పరీక్ష

ఉదయము, సాయంకాలము రెండు పూటలు దొడ్డిని చూచుట ఒక నియమముగా పెట్టుకొనవలెను. సాయంకాలము జాలీ చుట్టు నడచి క్రొత్త కన్నము, వదులైన మేకు, త్రుప్పు పట్టిన తీగ ఉన్నవేమో చూచి, చీకటి పడకమునుపే కుందేళ్లను గూటిలోనికి పంపి, గడియలు వేయవలెను. ఈ పని పిల్లలకు అప్పగించుట మంచిదే గాని, గడియను చివరిసారి చూచువారు పెద్దలై యుండవలెను.

ఉదయము మేత తిన్నదా, పెంటికలు గుండ్రముగా పొడిగా నున్నవా యని చూడవలెను. రాత్రివేళ కుందేలు మెత్తని నల్లని ముద్దలను విసర్జించి తానే తినును. అది వ్యాధి కాదు, దాని జీర్ణక్రియలో భాగము. ఒక పగలుగాని ఒక రాత్రిగాని పూర్తిగా మేత ముట్టనిచో అది ప్రమాద సూచన. మఱునాటి వఱకు ఆగక పశువైద్యశాలకు తీసికొని పోవలెను. తోక క్రింద తడిగాని మలముగాని అంటియున్నచో శుభ్రము చేసి ఆరబెట్టవలెను. ఈగలు అచ్చట గ్రుడ్లు పెట్టినచో ఒక్క దినములో పురుగులు పుట్టి మాంసమును తొలుచును. చెవిలో పొలుసులు కట్టి, తల విదిలించుచున్నచో అది గజ్జిపురుగుల గుఱుతు.

మందుల విషయమున స్వంత వైద్యము కూడదు. కుక్కల గోమార్లకు వాడు ఫిప్రోనిల్ మందు కుందేటికి ప్రాణాంతకము. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ మందులను నోట ఇచ్చినచో కడుపులోని ఉపయోగకరమైన సూక్ష్మజీవులు నశించి జంతువు చనిపోవును.

కుందేటిని చెవులు పట్టి ఎత్తు అలవాటు పెక్కుచోట్ల నున్నది. ఇది క్రూరమే గాక అపాయకరము. ఒక చేతిని రొమ్ము క్రింద, రెండవ చేతిని పిరుదుల క్రింద నుంచి, ఒంటికి ఆనించి ఎత్తవలెను. చిన్నపిల్లలు నేలపై కూర్చుండి ఒడిలో నుంచుకొనుటయే క్షేమము.

11. సంగ్రహము

దొడ్డికి కావలసిన గుంజలు, తాటాకు, గడ్డి, మొరము, రాయి రైతునకు తన పొలముననే దొరకును. కొనవలసినవి మంచి జాలీ, నాలుగు గడియలు మాత్రమే. ఆ రెండింటియందే పొదుపు చూపుటచే నష్టము కలుగుచున్నది. ఈ క్రింది సూచనలను ఎల్లరును జ్ఞప్తియందుంచుకొనవలెను.

కోళ్లవలను నమ్మరాదు, అర అంగుళపు కన్ను గల గట్టి జాలీని వాడవలెను.

నేల క్రిందను, తల పైనను రక్షణ లేని దొడ్డి నాలుగు గోడలున్నను తెఱచిన దొడ్డియే.

రాత్రి గూటిలో, పగలు దొడ్డిలో. గూటికి ఎదురెదురుగా గాలి దారి తప్పక యుండవలెను.

పడమర మూయవలెను; ఉత్తరము, తూర్పు తెఱపిగా నుంచవలెను.

వేసవిలో నీడ, తడిపట్టా, రెండు తొట్ల నీరు ఒక్క దినమైనను తప్పరాదు.

సంధ్యవేళ దాణా తీయవలెను. చీకటికి ముందు గడియ వేయవలెను.

కుందేలు తన బాధను అఱచి చెప్పదు. ఆకలిని, దాహమును, భయమును మౌనముగా సహించును. తన ఇంటి ఎద్దు మేత మానినచో ఆ రాత్రి నిదురపోని రైతు, తన పిల్లలు పేరు పెట్టి పిలుచుకొను ఈ చిన్న ప్రాణి విషయమునను అట్టి జాగ్రత్తనే చూపినచో, పిల్లలు ప్రతి ఉదయము ఆకు పట్టుకొని పోయినపుడు అది గూటి ముంగిటికి ఎదురువచ్చును.